తడి పచ్చిక మీద బ్రేకు పట్టలేదు: మీకూ ఇలా జరిగిందా?

నీలిరెక్క:
దక్షిణ ఇంగ్లండ్‌లోని ఒక చిన్న పచ్చిక రన్‌వే మీద పోయిన శనివారం దిగుతూ, అద్దెకు తీసుకున్న సెస్నా 152 అనే చిన్న విమానాన్ని చివరన ఉన్న పొదల కంచెలోకి తీసుకుపోయాను. నాకూ, పక్కనున్న మా బావమరిదికీ దెబ్బలు తగలలేదు. వాన లేదు. ఉదయం ఎనిమిదిన్నరకు ఎండ బాగానే కాస్తోంది, గడ్డి మీద మంచు మాత్రం ఆరలేదు. ముందురోజే గడ్డిని బాగా పొట్టిగా కోశారట.

అనుకున్న చోటు దాటి మరో 150 మీటర్లు పోయాక చక్రాలు నేలకు ఆనాయి. బ్రేకు నొక్కగానే కింద గరగరమంటున్న చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నన్ను ఇంకా వదలడం లేదు. తర్వాత వెనక్కి నడిచి చూస్తే గడ్డిలో రెండు నున్నటి చారలు. మట్టి ఎక్కడా లేవలేదు. టైరుకు ఒక్కచోటే ఆకుపచ్చ పసరు అంటింది. అంటే చక్రాలు తిరగనే లేదు.

రన్‌వే 620 మీటర్లు. విమానం పుస్తకం ప్రకారం 366 చాలు. ఎక్కడ తప్పాను?

లెక్కలపుస్తకం:
ముందు మీరిద్దరూ క్షేమం, అది చాలు. ఆ 366 మీటర్లు సముద్రమట్టంలో, ఎండిన గట్టి రన్‌వేకు, 50 అడుగుల ఎత్తు నుంచి ఆగేదాకా వేసిన లెక్క. ఎండిన పచ్చిక అయితే నేలమీది పరుగుకు 45 శాతం కలపమని ఆ పుస్తకంలోనే ఉంది. తడి గడ్డి మాటే అందులో లేదు. చాలామంది అక్కడే మోసపోతారు.

బ్రిటన్ పౌర విమానయాన సంస్థ కరపత్రం తడి గడ్డికి మొత్తం దూరంలో 35 శాతం కలపమంటుంది. మరీ పొట్టి గడ్డి అయితే 60 శాతం దాకా పెరగవచ్చని హెచ్చరిస్తుంది. 366కు 60 శాతం కలిపితే 585. గాలిలోనే ఖర్చయిన మీ 150 మీటర్లు కలిపితే 735. అదే కరపత్రం చెప్పే 1.43 భద్రతా గుణకాన్ని 585కు వేస్తే 837 మీటర్ల రన్‌వే కావాలి. మీరు బయలుదేరకముందే ఆ రన్‌వే చాలదు.

ఏ వేగంతో వచ్చారు?

నీలిరెక్క:
65 నాట్లు, అంటే గంటకు సుమారు 120 కిలోమీటర్లు. తక్కువైతే భయమనిపించింది.

లెక్కలపుస్తకం:
పొట్టి రన్‌వేకు పుస్తకం చెప్పేది 54. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక మీరు దాదాపు 45 శాతం ఎక్కువ శక్తిని మోసుకొచ్చారు. ఆ 150 మీటర్లు కూడా అందుకే పోయాయి.

గోదారిగట్టు:
నీటి పొర మీద టైరు తేలిపోవడం కాదా ఇది?

నీలిరెక్క:
నడక వేగానికి వచ్చాక కూడా జారుతూనే ఉందండి.

గోదారిగట్టు:
అయితే కాదు. ఈ టైర్లలో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 21 పౌండ్లే, దాని ప్రకారం తేలడం 41 నాట్ల దగ్గర మొదలవుతుంది. మీది నలిగిన గడ్డి పసరు చేసిన పని. వాన పడ్డ వరిచేను గట్టు మీద చెప్పులతో నడిచినవాళ్ళకు ఇది తెలుసు: కింద మట్టి గట్టిగా ఉండి, పైన గడ్డి తడిగా ఉంటేనే ఎక్కువ జారుతుంది.

తోకచక్రం:
మట్టి మెత్తబడితే వేరే ప్రమాదం. జనవరిలో మా ఫీల్డులో ఒకరి విమానం ముక్కు చక్రం బురదలో దిగబడి, ప్రొపెల్లర్ నేలను కొట్టింది. నేను రన్‌వే మీద నడిచి, బూటు మడమతో పొడిచి చూస్తాను. వేరే ఊరు వెళ్ళేముందు ఫోను చేసి "గడ్డి ఎప్పుడు కోశారు, మంచు ఆరిందా" అని తప్పకుండా అడుగుతాను. "రన్‌వే బాగుంది" అన్న జవాబు నాకు సరిపోదు.

బ్రేకు వాడితే కొద్దికొద్దిగా నొక్కి వదలాలి. స్టిక్, అంటే విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే పిడి, వెనక్కే లాగి ఉంచాలి. ఫలానా గుర్తు దాటేలోపు చక్రాలు ఆనకపోతే పవర్ ఇచ్చి మళ్ళీ పైకి లేవాలి. ఆ గుర్తు ఏదో గాలిలో ఉండగానే అనుకోవాలి. కంచె దగ్గరపడ్డాక లేవబోవడం కంచెను తగలడం కన్నా ఘోరం.

కంచెను తాకినప్పుడు ఇంజిన్ నడుస్తోందా?

నీలిరెక్క:
నడుస్తోంది. ప్రొపెల్లర్ రెండు రెక్కలూ వంగాయి. సోమవారం ఇంజిన్ విప్పి లోపలి భాగాలు చూస్తారట. నేనూ అక్కడే ఉంటాను.