మా ఆయనకు ఝాన్సీల పోస్టింగ్ వచ్చింది, స్కూటీని ఎట్ల తీస్కపోవాలె?

ప్రశ్న (నకిరేకల్ నుంచి):
అన్నలకు, అక్కలకు నమస్తే. మా ఆయన ఆర్మీల నాయక్ ర్యాంకు. ఈసారి యూపీల ఉన్న ఝాన్సీకి పోస్టింగ్, ఫ్యామిలీ క్వార్టర్ కూడా దొరికింది. ఆయన లీవ్ మీద వచ్చి మమ్మల్ని తీస్కపోతడు. నా రంది అంతా స్కూటీ గురించే. టీఎస్ 05 బండి, ఆయన పేరు మీదనే ఉన్నది. బాబును బడికి దింపాలన్నా, కూరగాయలకు పోవాలన్నా నాకు అదే దిక్కు. అమ్ముదామంటే సగం ధర కూడా వచ్చేటట్టు లేదు. ప్యాకర్లు ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్తున్నరు. నల్లగొండ స్టేషన్ల ఎక్కించొచ్చా? ఖర్చు ఆర్మీ ఇస్తదా? నంబర్ మార్చాల్నా? తెలిసినోళ్లు జర చెప్పండి.

జవాబు (మిర్యాలగూడ, రిటైర్డ్ హవల్దార్):
చెల్లె, బండిని అమ్మకు. కంటోన్మెంట్ల ఉండే ఆడపిల్లకు బండి లేకుంటే ప్రతి పనికీ ఎవరో ఒకరిని అడుక్కోవాలె. సర్వీసు అంతా ఇది చూసిన.

నల్లగొండల రైలు ఆగేదే కొద్దిసేపు, అంతల బండిని ఎక్కియ్యలేరు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిల బయలెల్లి ఝాన్సీ మీదికెళ్లే ఢిల్లీ పోతది. బయలెల్లే స్టేషన్ల అయితే ఎక్కించేటందుకు టైమ్ ఉంటది. మీరు అదే రైలుకు టికెట్ తీసుకుంటే బండిని లగేజీ కింద బుక్ చెయ్యొచ్చు. టికెట్ లేకుండ పంపితే అది పార్సిల్. ముందురోజే పార్సిల్ ఆఫీసుకు పోయి మాట్లాడుకోండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, సారు ఐడీ జిరాక్సులు పెట్టుకోండి, ఒరిజినల్స్ చేతిల ఉండాలె.

నకిరేకల్ నుంచి నాంపల్లి దాకా హైవే మీద నడుపుకుంట పోతరు గనుక లెక్క చూసుకొని పెట్రోల్ పోయించుకోండి. అక్కడ ట్యాంకు ఖాళీ చేసినంక గానీ బుక్ చెయ్యరు. దీన్ని తేలికగ తీసుకోవద్దు. పెట్రోల్ ఉన్న బండిని రైలెక్కిస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేండ్ల దాకా జైలు, లేకుంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేకుంటే రెండూ. అద్దాలు విప్పి బ్యాగుల పెట్టుకో. డిక్కీల ఏమీ ఉంచకు. హ్యాండిల్ లాక్ మాత్రం వెయ్యొద్దు, వేస్తే హమాలీలు బండిని నెట్టలేక గుంజుతరు, ప్లాస్టిక్ పగిలేది అక్కడనే. హెడ్‌లైట్‌కు, పక్క ప్యానెళ్లకు లోపల పాత దుప్పటి చుట్టించి, ఆ మీద గోనెపట్టా కుట్టించు. అట్టముక్క మీద పేరు, ఫోన్ నంబర్, దిగే స్టేషన్ పెద్దగ రాసి రెండు దిక్కులా కట్టు. ఝాన్సీ స్టేషన్‌కు ఇప్పుడు వీరాంగన లక్ష్మీబాయి పేరు పెట్టిన్రు, రసీదుల ఆ పేరే ఉంటది, గాబరా పడకు.

అందరూ వదిలేసేది ఒకటి ఉన్నది. బుకింగ్ ఫారంల బండి విలువ రాయించి, దానికి అదనపు రుసుము కట్టండి. కట్టకుంటే, బండి పోయినా పాడైనా రైల్వే బాధ్యత లగేజీకి కిలోకు 100 రూపాయలు, పార్సిల్‌కు 50 రూపాయల దాకనే. నీ స్కూటీ 110 కిలోలు అనుకో, లగేజీల పోయినా 11 వేలు దాటదు. వేలు పోసి కొన్న బండికి అదేం న్యాయం? కొంచెం ఖర్చయినా విలువ రాయించుడే మంచిది.

ఖర్చు వస్తది. 7వ వేతన సంఘం లెక్కల జీతం లెవల్ 5 దాకా ఒక టూవీలర్ తీస్కపోయే ఖర్చు ఇస్తరు, లెవల్ 6 నుంచి కారు గానీ టూవీలర్ గానీ. నాయక్ లెవల్ 4, కాబట్టి స్కూటీ వచ్చేస్తది. రైల్వే రసీదు ఒరిజినల్ భద్రంగ పెట్టి, మూవ్‌మెంట్ ఆర్డర్ (పోస్టింగ్‌కు పొమ్మని ఇచ్చే కాగితం) తోని కలిపి యూనిట్ క్లర్కుకు ఇయ్యమను.

జవాబు (జడ్చర్ల నుంచి):
అక్కా, అన్న చెప్పింది నిజం. మేము పోయినసారి ప్యాకర్లకు ఇచ్చినం. ముందు ఒక రేటు చెప్పి, బండి దించే ముందు ఇంకా పైసలియ్యమని లారీల్నే ఆపిన్రు. చిన్నపిల్లతోని ఎండల నిలబడి ఏం కొట్లాడుత? ఇచ్చిన. ఇంకో ముచ్చట, నీ పేరు మీద లైసెన్స్ ఉన్నదా? గేటు కాడ మిలిటరీ పోలీసులు అడుగుతరు. లేకుంటే నల్లగొండల ఉన్నప్పుడే చేయించుకో.

జవాబు (నల్లగొండ, ఆర్టీఏ పనులు తెలిసినాయన):
నంబర్ గురించి ఎవరూ చెప్పలేదు గనుక రాస్తున్న. వేరే రాష్ట్రంల 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబర్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. దానికి నల్లగొండ ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) కావాలె, ఫారం 28. ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఒప్పుకోలు కూడా. ఆయన లీవ్‌ల ఉన్నప్పుడే ఈ పని మొదలువెట్టండి, తర్వాత అంత దూరం నుంచి తిరుగుడు కష్టం. ఇన్సూరెన్స్ దేశమంతా చెల్లుతది, దానికి రంది లేదు.

ప్రశ్న అడిగినామె:
అందరికీ దండాలు. లైసెన్స్ ఉన్నది అక్కా. ఫైనాన్స్ కట్టుడు అయిపోయింది గానీ ఆర్సీల ఇంకా బ్యాంకు పేరే ఉన్నది. అది తీపియ్యాల్నా?

జవాబు (నల్లగొండ):
తీపియ్యాలె అమ్మా. బ్యాంకు నుంచి ఎన్ఓసీ, ఫారం 35 తీస్కొని ముందు అదే చెయ్యండి, తర్వాతనే ఫారం 28.