లూవ్ర్‌లో ఎక్కడ చూసినా 'కంపానా' అని ఉంది, ఎవరండీ ఈయన?

ప్రశ్న:
పోయిన నెల మా అబ్బాయి దగ్గరికి పారిస్ వెళ్లినప్పుడు లూవ్ర్ మ్యూజియం చూశాం. గ్రీకు కుండలున్న గదుల వరసకు కంపానా గ్యాలరీ అని పేరు. ఇంకోచోట మట్టి శిల్పాల దగ్గరా అదే పేరు. ఎవరో ఇటలీ ఆయనట. ఆయన సేకరించినవన్నీ ఒకచోట చేర్చి ఆ మధ్య ప్రదర్శన కూడా పెట్టారని విన్నాను. ఎవరైనా చూశారా? అవి పారిస్ ఎలా చేరాయి?

జవాబు 1:
నేను చూశానండీ. అప్పుడు నా ఉద్యోగం పారిస్‌లోనే. ఆ ప్రదర్శన 2018 నవంబర్ నుంచి 2019 ఫిబ్రవరి దాకా లూవ్ర్‌లోనే జరిగింది. రెండుసార్లు వెళ్లాను, రెండోసారి ఆఫీసుకు సెలవు పెట్టి మరీ.

జాంపియెత్రో కంపానా, అప్పట్లో రోమ్‌ను పాలించిన పోపు ప్రభుత్వం నడిపే తాకట్టు బ్యాంకుకు డైరెక్టర్. పాత వస్తువులంటే ప్రాణం. తవ్వకాలు చేయించాడు, కనబడిందల్లా కొన్నాడు. డబ్బు చాలక తన వస్తువులనే తన బ్యాంకులో కుదువపెట్టి అప్పులు తీసుకున్నాడు. కంచే చేను మేసినట్టయింది. 1857లో అరెస్టయ్యాడు. మరుసటి ఏడు 20 ఏళ్ల శిక్ష పడింది, తర్వాత దాన్ని దేశ బహిష్కరణగా మార్చారు.

బాకీ కింద సేకరణంతా అమ్మేశారు. రష్యా, లండన్ తమకు కావలసినవి ఏరుకున్నాయి. 1861లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ పది వేలకు పైగా వస్తువులు కొన్నాడు. ఖర్చు 48 లక్షల ఫ్రాంకులు! 1862లో వాటికోసమే ఒక మ్యూజియం తెరిచి, కొన్ని నెలలకే మూసేశారు. లూవ్ర్ ఉంచుకోగా మిగిలినవి ఊరూరికీ పంచిపెట్టారు. విడదీయొద్దని అంగ్ర్, డెలాక్రా లాంటి చిత్రకారులు మొత్తుకున్నా వినలేదు. ఇది తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. అందుకే రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియం నుంచి వచ్చినవి, లూవ్ర్‌వి ఒకే కప్పు కింద చూసినప్పుడు మనసు నిండిపోయింది. విడివిడిగా చూస్తే అవి కుండలు, బొమ్మలు. కలిపి చూస్తేనే ఆ మనిషి అభిరుచి తెలుస్తుంది.

ఇంతకీ ఆ మట్టి దంపతులను చూశారా? పడక మీద ఆనుకుని నవ్వుతుంటారు. ఇటలీలోని చెర్వెతెరిలో దొరికిన సమాధి పెట్టె, రోమన్లకు ముందు అక్కడ వెలిగిన ఎట్రుస్కన్లది, 2,500 ఏళ్ల నాటిది. భర్త చెయ్యి ఆమె భుజం మీద ఉంటుంది. చేతుల్లో ఉండాల్సిన వస్తువులు పోయాయి, వేళ్లు మాత్రం ఇంకా పట్టుకున్నట్టే ఉంటాయి. నేనక్కడ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

జవాబు 2:
ఈసారి వెళ్తే దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ ఊరు వదలకండి. పారిస్ నుంచి రైల్లో మూడు గంటల లోపే. ఊరూరా చెదిరిపోయిన కంపానా చిత్రాలను మళ్లీ పోగుచేసి 1976లో అక్కడి పెతీ పలే మ్యూజియంలో పెట్టారు. 300కు పైనే ఉంటాయి. ఇటలీ చిత్రకారుడు బొత్తిచెల్లి గీసిన మేరీమాత, బాలయేసు కూడా అక్కడే. జనం తక్కువ, తీరిగ్గా చూడొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మేం ఆ దంపతుల ముందు నుంచే హడావుడిగా వెళ్లిపోయాం. మా ఆవిడ ఫోన్లో ఫొటో ఉంది, ఇప్పుడే పెద్దది చేసి చూశాను. ఆమె కాళ్లకు కొసలు తేలిన జోళ్లు, ఆయనవి మాత్రం వట్టి పాదాలు.