అప్‌డేట్: ప్యానెళ్లు దక్షిణానికే తిప్పించాం

తిరుపతిలో మా మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు ఎటు తిప్పాలని పోయిన నెల అడిగాను కదా. ఇల్లు తూర్పు ముఖం కాబట్టి వాటినీ తూర్పుకే పెడదామన్నాడు బిగించే అతను. ఎండకు వాస్తేమిటండీ! మీరన్నట్టే దక్షిణానికి తిప్పి, 14 డిగ్రీల వాలు పెట్టించాం. వాలు దాదాపు ఊరి అక్షాంశమంత ఉంటే మంచిదంటారు, మన ఊరిది దాదాపు 13.6 డిగ్రీలు. తిరుమల కొండ ఉత్తరాన ఉంది కాబట్టి దాని నీడ గొడవ లేదు.

అసలు తలనొప్పి నీళ్ల ట్యాంకు. మూడున్నరకల్లా దాని నీడ చివరి ప్యానెల్ మీద మూరెడు పడేది. అన్నీ ఒకే వరుస కనెక్షన్ కావడంతో మొత్తం కరెంటే తగ్గేది. ప్యానెళ్ల స్టాండును ట్యాంకుకు దక్షిణం పక్కకు మార్పించాక ఆ బాధ పోయింది. మే, జూన్‌లలో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు, ట్యాంకు నీడ దక్షిణం వైపు పడొచ్చు, అప్పుడు మళ్లీ చూడాలి.

మార్చినందుకు అదనంగా అయిన ఖర్చుకు మా ఆవిడ ఇంకా సాధిస్తూనే ఉంది.