యాప్ పనిలో వెయిటింగ్ టైమ్‌కి డబ్బులివ్వాలా, అక్కర్లేదా?

తోచిందేరాస్తా:
డెలివరీ, క్యాబ్ యాప్స్ అన్నీ ఒకటే మాట, మీకు బాస్ లేడు, ఇష్టమైనప్పుడు లాగిన్ అవ్వండి అని. సరే, మరి లాగిన్ అయ్యి ఆర్డర్ కోసం చూస్తూ కూర్చున్న గంట ఎవరి ఖాతాలో రాయాలి? కంపెనీ ఖాతాలోనే అంటా నేను. 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ కేసులో చెప్పింది కూడా అదే, డ్రైవర్ తన ఏరియాలో లాగిన్ అయ్యి ట్రిప్ తీసుకోడానికి రెడీగా ఉన్నంతసేపూ పనిలో ఉన్నట్టేనని. తీర్పు వచ్చాక కంపెనీ ఏమందీ, కనీస వేతనం ఇస్తాం గానీ ట్రిప్ ఓకే చేసినప్పట్నుంచే లెక్క అంది 😀

లెక్కతేల్చు:
వినడానికి బానే ఉంది. ఒక్కడే మూడు యాప్స్ ఆన్ చేసుకుని కూర్చుంటే మూడు కంపెనీలూ ఇవ్వాలా? ఖాళీ టైమ్‌కి ఇవ్వాల్సొస్తే ఎంతమంది లాగిన్ అవ్వాలో లిమిట్ పెడతారు, షిఫ్టులు పెడతారు, ఇక ఇష్టమొచ్చినప్పుడు పని అన్నది ఎక్కడుంటది? చదువుకుంటూ సాయంత్రం రెండు గంటలు చేసుకునేవాడికే ముందు దెబ్బ.

తోచిందేరాస్తా:
మూడు యాప్స్ సంగతి నిజమే, దానికేదో లెక్క కట్టాలి. కానీ లిమిట్ లేకపోవడం వల్ల లాభం ఎవరికి? పదిమంది చేసే పనికి ముప్పైమందిని రోడ్డు మీద నిలబెట్టినా కంపెనీకి పైసా ఖర్చు లేదు. కాలిఫోర్నియాలో 2020లో ఓటింగ్ పెట్టి తెచ్చిన ప్రాప్ 22 అనే యాప్ డ్రైవర్ల చట్టం చూడండి, కనీస వేతనానికి 120 శాతం గ్యారంటీ అట, అబ్బో అనుకుంటాం, తీరా చూస్తే ట్రిప్ ఒప్పుకున్న దగ్గర్నుంచి పూర్తయ్యేదాకే. వెయిటింగ్‌కి సున్నా.

రాత్రిషిఫ్ట్:
నేను డెలివరీ చేస్తా. ఇన్సెంటివ్‌కి ఇంకో రెండు ఆర్డర్లు ఉన్నాయంటే ఎవడూ లాగౌట్ అవ్వడు బ్రో. బండి మీదే కూర్చుని ఛార్జింగ్ అయిపోతదని స్క్రీన్ డిమ్ చేసుకుని చూస్తా ఉంటా, బాత్రూంకి పోదామని లేస్తే కరెక్ట్‌గా అప్పుడే మోగుద్ది. వద్దంటే తర్వాత ఆర్డర్లు తగ్గినట్టు అనిపిస్తది, నిజంగా తగ్గిస్తారో లేదో మనకి తెలిసే దారే లేదు. ఐడీ బ్లాక్ అయితే ఇంక చూస్కో, అవతల మనిషే ఉండడు, చాట్‌లో అదే మెసేజ్ తిప్పి తిప్పి పెడతారు.

లెక్కతేల్చు:
ఇది మాత్రం ఒప్పుకుంటా. స్పెయిన్‌లో 2021లోనే చట్టం తెచ్చారు, అల్గారిదం ఏ లెక్కన నడుస్తుందో కార్మికుల ప్రతినిధులకి చెప్పాల్సిందేనని. అలాంటిది అన్నిచోట్లా రావాలి. గంట జీతం మాత్రం వద్దనే అంటా.

పాతఫైలు:
మీరిద్దరూ 1889 లండన్ డాక్ (ఓడరేవు) కూలీల సమ్మె గురించి చదవండి. కూలీలు పొద్దున్నే గేటు దగ్గర గుంపుగా నిలబడాలి, మేస్త్రీ కొందర్ని ఏరుకుంటాడు, ఒక గంట చేయించుకుని పొమ్మనేవాడు కూడా. వాళ్లు అడిగింది గంటకి 6 పెన్నీలు, దాంతోపాటు పిలిస్తే కనీసం 4 గంటల పని. నిలబడ్డ ప్రతి నిమిషానికీ అడగలేదు, పిలుపుకి ఒక కనీసం పెట్టమన్నారు, గెలిచారు కూడా. యాప్‌కీ అలా పెట్టొచ్చుగా?

రాత్రిషిఫ్ట్:
4 గంటలు గ్యారంటీ అంటే నేను రెడీ, ఆ టైమ్‌లో మిగతా యాప్స్ ఆఫ్ చేసేస్తా.

లెక్కతేల్చు:
నువ్వు ఫుల్ టైమ్ కాబట్టి రెడీ. రెండు గంటలోడిని ఏం చేద్దాం, అది చెప్పండి ముందు.