హెన్లీ నుంచి మార్లో దాకా థేమ్స్ ఒడ్డున నడక: తల్లిదండ్రులను తీసుకువెళ్లవచ్చా?

రెడింగ్ నివాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాము. మే నెలలో మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు. నాన్నగారికి రోజూ తెల్లవారుజామున కాలువగట్టు మీద నడిచే అలవాటు ఉంది కనుక, లండన్ కట్టడాలు చూపించడంతో సరిపెట్టకుండా ఇక్కడి పల్లెసీమను ఆయన కాలినడకన చూడాలని నా కోరిక. అందుకు హెన్లీ నుంచి మార్లో వరకు నది వెంట సాగే బాటను ఎంచుకున్నాను. అయితే ఆ బాట చాలా చోట్ల ఇతరుల పొలాల గుండా, పెద్ద బంగళాల ముందు నుంచి వెళుతుందని విన్నాను. అలా నడిచే హక్కు మనకు నిజంగా ఉంటుందా? ఎవరైనా అడ్డగిస్తే నాన్నగారు చిన్నబుచ్చుకుంటారని నా భయం. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. దారి మధ్యలో ఆపేయవలసి వస్తే ఇంటికి చేరే మార్గం ఉందా?

తీరపథికుడు

మీ మొదటి సందేహానికి జవాబు స్పష్టంగానే చెప్పవచ్చు: మీరు నడవబోయేది ఎవరి దయ మీదా ఆధారపడిన దారి కాదు. ఇంగ్లండ్‌లో భూమి ప్రైవేటుదే అయినా, దాని మీదుగా ప్రజలకు నడిచే హక్కు ఉన్న బాటలను స్థానిక ప్రభుత్వాలు అధికారిక పటాలలో నమోదు చేస్తాయి. ఈ ఏర్పాటుకు 1949లో వచ్చిన చట్టం పునాది వేసింది. ఒకసారి నమోదైన బాటను పొలం యజమాని తన ఇష్టానికి మూసివేయలేడు, దానికి అడ్డుగా కంచె కట్టడం చట్టరీత్యా నేరం. గేట్ల మీద, కొయ్య స్తంభాల మీద కనిపించే పసుపు బాణం నడిచేవారి బాటకు గుర్తు. నీలం బాణం ఉంటే అక్కడ గుర్రాలకూ సైకిళ్లకూ అనుమతి ఉన్నదని అర్థం. మీ దారి 1996లో ప్రారంభమైన థేమ్స్ పాత్ అనే జాతీయ బాటలో భాగం కనుక, బాణాలతో పాటు ఓక్ కాయ బొమ్మ కూడా కనిపిస్తుంది. ఈ గుర్తులు చూపించి చెబితే నాన్నగారు మీకంటే ముందు నడుస్తారు.

ప్రజల వంతు మర్యాదలూ ఉన్నాయి. మూసి ఉన్న గేటును దాటగానే మళ్లీ మూయాలి, తెరిచి ఉంచిన గేటును అలాగే వదలాలి, పైరు మీదుగా బాట విడిచి అడుగు వేయకూడదు. ఈ హక్కు ఇంతకాలం నిలిచిందంటే నడిచేవారు ఈ నియమాలను పాటించడం కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

చిల్టర్న్ వాసి

దూరం విషయానికి వస్తే, మొత్తం దారి సుమారు 14 కిలోమీటర్లు. అలవాటున్న మీ నాన్నగారికి, ఆగుతూ కూర్చుంటూ నడిచినా, అయిదు గంటలు చాలు. అమ్మగారి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఈ రెండు ఊళ్ల మధ్య రైలు లేదు. హెన్లీ వంతెన దాటి తూర్పు ఒడ్డున దాదాపు నాలుగు కిలోమీటర్లు నడిచాక హాంబుల్డన్ లాకు వస్తుంది. అక్కడ నది మీద ఆనకట్టల వెంట ఇరుకైన నడవా ఉంది. కిందుగా నీళ్లు హోరుమని దూకుతూ ఉంటే దాని మీదుగా అవతలి ఒడ్డుకు, మిల్ ఎండ్‌కు చేరవచ్చు. హెన్లీ, మార్లోల మధ్య తిరిగే బస్సు వెళ్లే రోడ్డు ఆ పక్కనే ఉంటుంది. ఆదివారాలు బస్సులు తక్కువ కనుక వేళలు ముందే చూసుకోండి.

ఆ చోటు దాటితే హర్లీ గ్రామం వరకు సుమారు ఆరు కిలోమీటర్ల మేర సులువుగా బయటపడే దారి లేదు. పైగా ఆస్టన్ దగ్గర బాట నదిని వదిలి కొంచెం ఎత్తుకు ఎక్కుతుంది. అందుచేత నా సలహా ఏమిటంటే, అమ్మగారిని కారులో నేరుగా హర్లీకి తీసుకువచ్చి, అక్కడి నుంచి మార్లో వరకు చివరి మూడున్నర కిలోమీటర్లు అందరూ కలిసి నడవండి. ఆ భాగం దాదాపు అంతా చదునుగానే ఉంటుంది.

పాత బాటల అభిమాని

నాన్నగారు కాలువగట్ల మనిషి కనుక ఒక సంగతి చెప్పండి, ఆయనకు తప్పక నచ్చుతుంది. ఈ బాటలో చాలా భాగం ఒకప్పుడు సరుకు పడవలను తాళ్లతో లాగిన గుర్రాలు నడిచిన గట్టు. ఆ గట్టు ఒకే ఒడ్డున సాగలేదు. ఒడ్డు మారవలసిన చోటల్లా గుర్రాన్ని బల్లకట్టు మీద అవతలికి దాటించేవారు. ఆస్టన్ దగ్గర ఇప్పుడు మనం నదిని వదిలి పైకి ఎక్కడానికి కారణం ఇదే: పాత గట్టు అక్కడ అవతలి ఒడ్డుకు మారింది, దాటించే బల్లకట్టు నేడు లేదు. టెంపుల్ లాకు దగ్గర కూడా బల్లకట్టు ఆగిపోవడంతో బాట తెగిపోయింది. 1989లో కొయ్యతో నడక వంతెన కట్టాకే మళ్లీ అతుక్కుంది. ఆ వంతెన మధ్యలో కాసేపు నిలబడి నదిని రెండు వైపులా చూడండి.

ఒడ్డు మారిన తరువాత అవతల బిషమ్ చర్చి బురుజు నీటి అంచునే కనిపిస్తుంది. ఆపైన మార్లో వేలాడే వంతెన. 1832లో పూర్తయిన దీన్ని రూపొందించిన విలియమ్ టియర్నీ క్లార్కే తరువాత బుడాపెస్ట్‌లో డాన్యూబ్ మీద గొలుసు వంతెనకు రూపకల్పన చేశాడు. నా దృష్టిలో మార్లో నుంచి హెన్లీకి నడవడం కంటే హెన్లీ నుంచి మార్లోకి నడవడమే మేలు, ఎందుకంటే ఆ వంతెనను చివర చూడాలి.

రెడింగ్ నివాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. హర్లీ దగ్గర అమ్మను కలుపుకొనే ఆలోచన చాలా బాగుంది. మే నెలాఖరు మంచిదా, జూలై మంచిదా? పశువుల మంద ఎదురైతే ఏం చేయాలి?

చిల్టర్న్ వాసి

మే నెలాఖరే ఎంచుకోండి. జూన్ చివరి నుంచి జూలై మొదటి వారం లోపు హెన్లీలో 1839 నుంచి జరుగుతున్న పడవ పందేలు ఉంటాయి; మీరు నడిచే ఒడ్డే జనంతో కిక్కిరిసిపోతుంది. చలికాలంలో నది పొంగితే బాట కొన్ని చోట్ల మునుగుతుంది, డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. మేలో రాత్రి తొమ్మిది వరకు వెలుతురు ఉంటుంది కనుక తొందరపడనక్కరలేదు.

పశువులు సాధారణంగా ఏమీ చేయవు. దూడలున్న ఆవుల విషయంలో మాత్రం తల్లికీ దూడకూ మధ్య నుంచి వెళ్లకుండా, పరుగెత్తకుండా, దూరంగా చుట్టి వెళ్లండి. బాట అంచున తాకితే మండే నెటిల్ మొక్కలు ఏపుగా ఉంటాయి కనుక నిండు ప్యాంటు వేసుకోవాలి. నాన్నగారికి చెప్పులు వద్దు, మడమ పట్టి ఉంచే బూట్లు కొనండి. దారిలో శాకాహారం దొరుకుతుందో లేదో అనుకోకుండా పులిహోర కట్టుకువెళ్లండి. హర్లీ లాకు దగ్గరి పచ్చిక తినడానికి అనువైన చోటు.

టికెట్ల సంగతి ఒకటి గుర్తుంచుకోండి. హెన్లీకి ట్వైఫర్డ్‌లో బండి మారాలి; మార్లో నుంచి వచ్చే బండి మెయిడెన్‌హెడ్‌కు చేరుతుంది. రెండూ వేరువేరు శాఖా మార్గాలు కనుక హెన్లీకి రానుపోను టికెట్ కొంటే తిరుగు ప్రయాణానికి పనికిరాదు, వెళ్లడానికీ రావడానికీ విడివిడిగా కొనండి.