ఒకే ట్యాంకులో అన్ని మొక్కలూ పెంచవచ్చా? (హైదరాబాద్ ఫ్లాట్లలో ఇండోర్ హైడ్రోపోనిక్స్, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో ఇంట్లో పెంపకం)

మణికొండ_పచ్చదనం
నాలుగు అరల రాక్, కింద 40 లీటర్ల ట్యాంకు, ఒక పంపు. ఇందులోనే లెట్యూస్, పాలకూర, పుదీనా, గోంగూర, రెండు టమాటా మొక్కలు వేసుకోవచ్చని కిట్లు అమ్మేవాళ్లు చెబుతున్నారు. కుదరదంటాను. లెట్యూస్‌కి ఈసీ (నీటిలో కరిగిన లవణాలు, పోషకాలు ఎంత చిక్కగా ఉన్నాయో మీటరు చూపే కొలత, mS/cm) 0.8–1.2 చాలు. కాపు మీదున్న టమాటాకి 2 పైనే ఉండాలి. మధ్యేమార్గమని 1.6 పెడితే లెట్యూస్ లేతాకుల అంచులు మాడతాయి, టమాటాకి పొటాష్ చాలదు. పంటకో ట్యాంకు పెట్టాల్సిందే.

సైనిక్‌పురి_నీటితోట
టమాటా సంగతి ఒప్పుకుంటానండీ. ఎదిగిన మొక్క వేసవిలో రోజుకు లీటరు పైనే తాగుతుంది, ట్యాంకులో మిగిలిన నీళ్లు చిక్కబడతాయి. టమాటాని ఈ ట్యాంకు నుంచి బయటికి పంపండి. కానీ ఆకుకూరలకి పంటకో ట్యాంకు దండగ. ఈసీ 1.4, పీహెచ్ (నీటి పులుపు-క్షారాల కొలత) 5.8–6.2 దగ్గర లెట్యూస్, పాలకూర, గోంగూర మూడూ సర్దుకుంటాయి. మన పాలకూర బీట్‌రూట్ కుటుంబానిది, ఉప్పుకి ఓర్చుకునే రకం. ఇంకాస్త బలం ఇస్తే గుబురుగా వస్తుంది, ఇవ్వకపోయినా పంట పోదు.

అంచులు మాడడానికి ఈసీ ఒక్కటే కారణం కాదు. ఆకు నీటిని ఆవిరిగా వదిలితేనే కాల్షియం పైకి ఎక్కుతుంది. గాలి ఆడని గదిలో లోపలి లేతాకుకి అది అందదు. ఆకులు సన్నగా కదిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి.

పుదీనా మాత్రం మొక్కలు పెట్టే పైపులో వద్దు. వేళ్లు చాపలా అల్లుకుని నీళ్లని అడ్డగిస్తాయి. దానికి 10 లీటర్ల బకెట్ వేరే ఇవ్వండి.

ఉప్పల్_బోరునీళ్లు
ఏ నీళ్లు పోస్తున్నారో ఇద్దరూ చెప్పలేదు. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇల్లు వేరు, బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్ వేరు. బోరు నీటి ఈసీయే 1.0 ఉందనుకోండి. ట్యాంకులో 1.4 చూపించిందంటే మీరు వేసిన పోషకం 0.4 మాత్రమే. మీటరు బాగుందంటుంది, మొక్క పస్తులుంటుంది. పైగా ఆ నీటిలోని బైకార్బొనేట్ పీహెచ్‌ని రోజూ పైకి లాగుతుంది. పీహెచ్ 6.5 దాటితే ఈడీటీఏ ఇనుము (పోషకాల పొడుల్లో మామూలుగా ఉండే ఇనుము రూపం) మొక్కకి సరిగా అందదు. కొత్తాకు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగిలితే అనుమానించాల్సింది ఇనుము లోపాన్నే. నిమ్మరసంతో పీహెచ్ దించితే రెండు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ పల్చగా కలుపుకుని చుక్కచుక్కగా వేయాలి.

బోరు నీళ్లు 1 వంతు, ఆర్వో 2 వంతులు కలిపితే 0.4 దగ్గరకి వస్తుంది. ఆ నీళ్లు 20 లీటర్లకి 4-18-38 పొడి (అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) 7 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) 3.5 గ్రాములు, కాల్షియం నైట్రేట్ 7 గ్రాములతో మొదలుపెట్టి మీటరు చూసి సరిచేసుకోండి. కాల్షియం నైట్రేట్‌ని విడిగా మగ్గులో కరిగించి చివర్లో పోయాలి. అన్నీ చిక్కగా ఒకేచోట కలిపితే అడుగున సున్నంలా తెల్లటి మడ్డి పేరుకుంటుంది. ఆ మేరకు పోషకం పోయినట్టే.

సైనిక్‌పురి_నీటితోట
నీళ్ల మాట నిజం, నేను ముందే చెప్పాల్సింది. లైటు గురించి ఒక్క ముక్క: గోంగూర పగలు తగ్గితే పూతకొచ్చే మొక్క. లైటు 11 గంటలే వేస్తే త్వరగా మొగ్గ తొడిగి ఆకు తగ్గిపోతుంది. 16 గంటలు వెలిగించండి. లెట్యూస్‌కి కూడా 200 మైక్రోమోల్స్ (ఆకు మీద పడే వెలుతురు కొలత) చొప్పున 16 గంటలు సరిపోతుంది.

మణికొండ_పచ్చదనం
ఆకుకూరలు కలపవచ్చన్నది ఒప్పుకుంటున్నా. కానీ ట్యాంకు ఒకటైతే రోగమూ ఒకటే, అదే నా భయం. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 దగ్గర 7.5 మాత్రమే. పితియం అనే సూక్ష్మజీవి తెచ్చే వేరుకుళ్లుకి అంతకన్నా అదను ఉండదు. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగండి. పైతోలు జారిపోయి లోపల సన్నటి దారం మిగిలితే కుళ్లు మొదలైనట్టే. టీ రంగు ఒక్కటే చూసి భయపడకండి, కొన్ని పోషకాల రంగు కూడా వేళ్లకి అంటుతుంది.

సైనిక్‌పురి_నీటితోట
అందుకే వేసవిలో 2 లీటర్ల సీసాలో నీళ్లు గడ్డకట్టించి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ట్యాంకులో వేయాలి, ఎయిర్ స్టోన్ (నీళ్లలోకి గాలి బుడగలు వదిలే రాయి) రాత్రీపగలూ నడవాలి. అప్పటికీ 28 దిగకపోతే ఆ రెండు నెలలూ లెట్యూస్ ఆపేసి గోంగూర, తోటకూర వేసుకోవడం మేలు.

ఉప్పల్_బోరునీళ్లు
ఇంకొకటి. ఈసీ బదులు పీపీఎంలో అంకెలు చెప్పేవాళ్లు మీటరు 500 స్కేలా, 700 స్కేలా (ఈసీని 500తో గుణిస్తుందా, 700తోనా) అన్నది కూడా రాయండి. ఈసీ 1.4 ఒకదాంట్లో 700, మరోదాంట్లో 980. 500 మీటరు పట్టుకుని 980 దాకా పోశారంటే ఈసీ 2 దగ్గరకి వెళ్లినట్టు, లెట్యూస్‌కి అది చాలా ఎక్కువ.