ప్రొద్దుటూరు నుంచి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేలా శిలాజాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రొద్దుటూరు నాన్న:
మా అబ్బాయి ఎనిమిదో తరగతి. శిలాజాలు ఏరుకొద్దాం పద అని ఒకటే గోల. ఆదివారం బైకు మీద పోయి చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. డైనోసార్ ఎముకలు, శంఖాలు మన పక్క ఏమైనా దొరుకుతాయా? ఇంకో సంగతి. వరండాకు తెచ్చిన నాపరాళ్ళలో ఒకదాని మీద నల్లగా చెట్టు కొమ్మల అచ్చు ఉంది. వాడు దాన్ని పరవనివ్వడం లేదు, మేస్త్రీ ఏమో రోజూ అడుగుతున్నాడు. అది శిలాజమేనా?

బేతంచెర్ల బండలు:
అన్నా, అది ఆకు కాదు. మా పాలిష్ ఫ్యాక్టరీకి ఇట్లాంటివి వస్తూనే ఉంటాయి. బండ పొరల సందులోకి నీళ్ళు దిగితే, అందులోని మాంగనీసు పేరుకుంటూ కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. డెండ్రైట్ అంటారు. పట్టి చూడండి, కొమ్మలన్నీ బండ అంచు నుంచో పగులు గీత నుంచో మొదలవుతాయి. ఆకుకు ఉండే నడిమి ఈనె కనపడదు. ఆ రాయి సముద్రం అడుగున పేరుకున్న నాటికి నేల మీద అసలు మొక్కే లేదు. అయినా బాగుంటుంది, గడప పక్కన వేయించండి.

వేంపల్లె మాస్టారు:
ఎముకలు, చిప్పలు మన కొండల్లో ఆశించొద్దు బాబూ. డైనోసార్ కావాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అస్థిపంజరం ఉంది, అది గోదావరి లోయది. మన రాళ్ళు దానికంటే చాలా పాతవి. కానీ మన దగ్గర ఉన్నది ఆ డైనోసార్లకు కూడా ముత్తాత. స్ట్రోమటోలైట్లు. కంటికి కనపడని సూక్ష్మజీవులు లోతు లేని సముద్రంలో జిగురు పొరలా పరుచుకునేవి. దాని మీద ఒండ్రు పడితే వెలుతురు కోసం పైకి పాకి మళ్ళీ ఇంకో పొర. అట్లా పొర మీద పొర గట్టిపడి రాయైంది. వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళు. ఇప్పటికీ ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట ఇవి ప్రాణంతో పెరుగుతున్నాయి.

ఆ రాతి పొరకు శాస్త్రవేత్తలు మా ఊరి పేరే పెట్టారు, వేంపల్లె ఫార్మేషన్ అని. దాని కింది పొరది గువ్వలచెరువు పేరు. పాలకోవాకే కాదు, రాళ్ళకూ పేరున్న ఊరది! వేంపల్లె నుంచి పులివెందుల వైపు పోతూ వంకల ఒడ్డున, రోడ్డు కోసం కొండ తొలిచిన చోట బూడిద రంగు డోలమైటు (సున్నపురాయి లాంటి రాయి) చూడండి. రాయి నిలువునా తెగిన చోట గీతలు తిన్నగా ఉండవు, గుమ్మటాల్లా పైకి లేచి దిగుతాయి. పై నుంచి చూస్తే అడ్డంగా కోసిన క్యాబేజీ లాగా చుట్లు చుట్లు. చేత్తో తడిమితే చెకుముకి లాంటి గట్టి గీతలు వేలికి తగులుతాయి, మధ్యలో మెత్తటి పొర వానకు కరిగిపోయి ఉంటుంది. నీళ్ళు చల్లితే గీతలు ఇంకా బాగా తేలతాయి, సీసాలో నీళ్ళు మరవొద్దు.

ప్రొద్దుటూరు నాన్న:
మాస్టారూ, సుత్తి తెచ్చుకుంటే పగలగొట్టుకోవచ్చా? వాడికి చేతికి ఏదో ఒకటి దొరక్కపోతే ఇంటికి రాడు.

వేంపల్లె మాస్టారు:
కొండలో ఉన్నదాన్ని కొట్టొద్దు. వంకలో కొట్టుకొచ్చిన ముక్కలు బోలెడు, అరచేతిలో పట్టేది ఒకటి చాలు. ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి అంటించమనండి, చీటీ లేకపోతే అది ఉత్త రాయే. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ డోలమైటులోనే, కాబట్టి గనుల కంచెల జోలికి పోవద్దు. ఎండాకాలమైతే పది లోపు చూసి బయటపడండి.

బేతంచెర్ల బండలు:
ఎముకలే కావాలంటాడా? మా పక్కనే బిల్లసుర్గం గుహలున్నాయి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడ తవ్వించారు. దొరికిన వాటిలో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి, ఆ జాతికి కర్నూలు పేరే పెట్టారు. మాస్టారి రాళ్ళ ముందు అవి నిన్నమొన్నటివే. చూడ్డానికి మాత్రమే అన్నా, గుహలో మట్టి గీకనివ్వొద్దు. టార్చి తెచ్చుకోండి.

ప్రొద్దుటూరు నాన్న:
ఈ ఆదివారం వేంపల్లె వైపు పోతాం, బిల్లసుర్గం దసరా సెలవుల్లో చూస్తాం. బండ గడప పక్కన వేయడానికి వాడు ఒప్పుకున్నాడు, మేస్త్రీకి ఫోన్ చేశాను.